మా బావ తల ఊపిన రోజు

మా బావ నోరు తెరవాలంటే ఎదురుగా అన్నమైనా ఉండాలి, చుట్టైనా ఉండాలి. మిగతా వ్యవహారమంతా తలే చూసుకుంటుంది. గడ్డం పైకెత్తాడంటే 'ఏటి?' అని. కనుబొమలు ఎగరేశాడంటే 'ఎప్పుడొచ్చావు, ఇంట్లో అందరూ బాగున్నారా, తిన్నావా' అని. అన్ని ప్రశ్నలకీ కలిపి ఒకటే ఎగరెయ్యడం. ఎవరింటికైనా దారి అడిగితే మూతి అటు తిప్పి చూపిస్తాడు, రెండు చేతులూ ఖాళీగా ఉన్నా ఒక్కటీ లేవదు. కాదనాలంటే నాలుకని అంగిట్లో తాటించి 'ట్చ్' అంటాడు. ఔననాలంటే తలని కుడి భుజం వైపు ఒక్కసారి వాలుస్తాడు. రెండోసారి వాల్చడు. స్నానం చేసి చెవిలో నీళ్ళు దులుపుకుంటున్నాడేమో అనుకుంటారు తెలియనివాళ్ళు.

ఆ వాలుతోనే ఆయన భూములు కొన్నాడు, ఎడ్లు అమ్మాడు, ఊళ్ళో తగువులు తీర్చాడు. మా అప్పని చేసుకున్నది కూడా ఆ వాలుతోనే. అప్ప అంటే అక్క, మా వైపు అలాగే అంటాం. పెళ్ళిచూపుల్లో మా నాన్న "పిల్ల నచ్చిందా బాబూ?" అని అడిగితే తల అలా పక్కకి పడేశాడట. మా నాన్న వెంటనే తాంబూలాలకి లేచాడట.

"అది ఔననడమని నాకెవులూ సెప్పనేదురా. మెడ పట్టీసినాది పాపం అనుకున్నాను" అంటుంది అప్ప ఇప్పటికీ.

వాళ్ళది గజపతినగరం దగ్గర పల్లె. వరి, చోడి అనే రాగి, నువ్వులు, ఒక గేదె, ఒక కూతురు. నేను విజయనగరంలో జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఆ పాపానికి ఆ ఊళ్ళో ఎక్కడ ఇంగ్లీషు ముక్క కనిపించినా నాకు ఫోనొస్తుంది. పురుగుమందు సీసా మీద రాతైనా సరే, బోరు మోటారు మీద రాతైనా సరే, మేష్టరు చెప్పాల్సిందే. నేను చదివింది సాహిత్యం అని చెప్పి చెప్పి విసిగిపోయాను. కాబట్టి నా మేనకోడలి పెళ్ళి గొడవ నా నెత్తిన పడటంలో వింతేమీ లేదు.

మేనకోడలు విశాఖపట్నంలో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తోంది. ఒక ఆదివారం ఇంటికొచ్చి, తండ్రి భోజనం ముగించి చెయ్యి కడుక్కునేదాకా ఆగి, మెల్లగా బయటపెట్టింది.

"నాన్నా, నానొక అబ్బాయిని సేసుకుందామనుకుంతన్నాను."

బావ గడ్డం పైకెత్తాడు.

"మా ఆఫీసులోనే. పోలండు దేశపోడు."

"ట్చ్" అన్నాడు బావ. చెయ్యి తుడుచుకుని పొలం వెళ్ళిపోయాడు.

ఆ 'ట్చ్' ఏడాది పైనే నడిచింది. ఈలోగా ఊరంతా తన పని తాను చేసింది. "ఆళ్ళు అన్నం తింతారా?" అని అడిగారు. బంగాళాదుంపలు తింటారట అన్నాను. "మరి కూరేటి?" అన్నారు. ఊళ్ళో బాప్టిస్టు చర్చి పాస్టరు గారొక్కరే, కొత్త విశ్వాసి వస్తున్నాడని పొంగిపోయారు. వాళ్ళు కేథలిక్కులట అని చెప్పేసరికి ఆయన కూడా పెదవి విరిచారు. మా అప్ప మాత్రం కూతురి పక్షం చేరి పప్పులో ఉప్పు మానేసింది. ఉప్పు కావాలంటే మొగుడు నోరు తెరిచి అడగాలని ఆవిడ ఎత్తు. ఆయన అడగలేదు. ఉప్పులేని పప్పే తిని లేచిపోయేవాడు. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే, మధ్యలో ఆ ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళిన నేను కూడా ఆ చప్పిడి పప్పు తినాల్సి వచ్చేది.

పిల్ల లేచిపోయే రకం కాదు. "నాన్న ఔనంటేనే మావయ్యా. నేకపోతే నేదు" అని నాతో కచ్చితంగా చెప్పేసింది. చెప్పి ఏడ్చింది. ఆ ఏడుపు చూశాక నాకు బావ మీద ఒళ్ళు మండింది.

అబ్బాయి వైపు కూడా ఇలాంటి పేచీయే ఒకటుంది. వాడికి తండ్రి లేడు. తల్లి వాళ్ళ ఊళ్ళో చిన్నపిల్లలకి చదువు చెప్పే టీచరు. ఒక్కడే కొడుకు. ఈ పిల్లని చేసుకుని విశాఖపట్నంలోనే ఉండిపోతానంటున్నాడు. ఆ తల్లి సరేనంది, ఒక్క షరతు పెట్టింది. "నా కొడుక్కి ఆ దేశంలో ఇల్లంటూ ఉంటే అది ఆ అమ్మాయి పుట్టిల్లే. వాడు రావడం ఆ ఇంటాయనకి ఇష్టమో కాదో ఆయనే నాకు చెప్పాలి. మధ్యవర్తులు వద్దు" అందట. అంటే మొత్తం సంబంధం వెళ్ళి వెళ్ళి, జీవితంలో నాలుగు వాక్యాలు వరసగా మాట్లాడని మనిషి మెడ మీద ఆగింది.

ఎలా ఒప్పుకున్నాడో గానీ, ఆఖరికి బావ వీడియో కాల్లో మాట్లాడతానన్నాడు. అంటే, తల వాల్చాడు. పెళ్ళిళ్ళకీ ఓట్లకీ తప్ప పెట్టె దాటని పొందూరు పంచె కట్టాడు. ఫోన్ని చోడిపిండి డబ్బాకి ఆనించి నిలబెట్టాం. అవతల ఆవిడ కనిపించింది. పొట్టి జుట్టు, కళ్ళజోడు, మా బావ కంటే ఎక్కువ భయపడుతున్న మొహం. పలకరింపులయ్యాక ఆవిడ నెమ్మదిగా ఇంగ్లీషులో అడిగింది. నేను తెలుగులో చెప్పాను.

"బావా, ఈ పెళ్ళి నీకిష్టమేనా అని అడుగుతన్నాది."

బావ కాసేపు ఆ ఫోన్నే చూశాడు. ఒకసారి అప్ప వైపు చూశాడు. తరవాత తల కుడిభుజం వైపు వాల్చాడు.

ఓర్నాయనో! ఏడాది నుంచి ఎదురుచూస్తున్న వాలు. అప్ప కళ్ళొత్తుకుంటూ లోపలికి పరిగెత్తి బెల్లం తెచ్చింది. నా నోట్లో ఒక ముక్క కుక్కింది. పక్కింటివాళ్ళకి పంచడానికి అటునుంచి అటే బయటికెళ్ళింది. బావ లేచి పశువులశాల వైపు వెళ్ళిపోయాడు, సిగ్గుపడ్డాడు కాబోలనుకున్నాం. నేను బెల్లం నములుతూ ఫోన్ వైపు చూస్తే ఆవిడ మొహం పాలిపోయి ఉంది. "థాంక్యూ, అర్థమైంది" అని పెట్టేసింది. ఆనందంతో మాట రాలేదనుకున్నాను.

సాయంత్రం మేనకోడలు ఫోన్ చేసి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడ కొడుకుతో ఏం చెప్పిందంటే, "ఆయన నా కళ్ళలోకి చూసి, ఏదో ఒకటి ఏడవండి అన్నట్టు తల పక్కకి విసిరేశాడు. ఇష్టం లేని ఇంటికి నిన్ను పంపను" అని.

తప్పు నాదేనంటారు మా ఇంట్లో. పక్కనే కూర్చున్నవాడివి, మాటలన్నీ తర్జుమా చేశావు, ఆ తలని ఎందుకు చెయ్యలేదు అంటారు. నేనొప్పుకోను. మనిషి ఎదురుగా కూర్చుని ఔనంటుంటే, 'ఇప్పుడు ఈయన ఔనంటున్నాడు' అని పక్కనుంచి కామెంట్రీ చెప్పమంటారా? ఇది పెళ్ళి సంబంధమా, క్రికెట్ మ్యాచా?

సరే, తరవాత చెప్పాం. నేను చెప్పాను, పిల్ల చెప్పింది, కొడుకు చెప్పాడు. మా వైపు అలా వాలిస్తే ఔనని అర్థమమ్మా అని. ఆవిడ ఇంటర్నెట్లో వెతుక్కుంది. అక్కడొక పెద్దమనిషి వీడియోలో ఏం సెలవిచ్చాడంటే, భారతీయులు తల అలా ఆడిస్తే ఔనని అయినా కావచ్చు, కాదని అయినా కావచ్చు, చూద్దాం అని అయినా కావచ్చు, ఎదుటివాళ్ళని నొప్పించడం ఇష్టంలేక కూడా ఆడిస్తారు అని. వాడి నోరు పడిపోను. మా దేశం మీద వీడియో చేసే ప్రతివాడూ రెండు రోజులు ఆటో ఎక్కి తిరిగి పండితుడైపోతాడు. వాడి పుణ్యమా అని ఆవిడకి అనుమానం ఇంకా బిగుసుకుంది. "నేను ఎన్నో ఏళ్ళుగా పిల్లలకి పాఠం చెబుతున్నాను. నోరు నేర్పిన మాట చెబుతుంది, మొహం అలా చెప్పదు. నేనే వచ్చి ఆయన్ని ఇంకోసారి అడుగుతాను" అంది. టికెట్ కూడా కొనేసింది.

ఇక మాకు మిగిలిన దారి ఒక్కటే. ఆవిడ అడిగినప్పుడు బావ ఆవిడకి అర్థమయ్యేట్టు ఔననాలి. అంటే పైకీ కిందకీ, నిలువుగా తల ఊపాలి. ఆ మాట చెప్పడానికి పల్లెకి వెళ్ళాను. బావ అరుగు మీద కూర్చుని పలుపు తాడు పేనుతున్నాడు.

"బావా, ఆయమ్మ వస్తన్నాది. మళ్ళీ అడుగుతాది. అడిగినప్పుడు నువ్వు ఇలగ ఊపాల" అని ఊపి చూపించాను.

పేనడం ఆపాడు. నన్ను పైనుంచి కిందదాకా చూశాడు. ఆ ఏడాదిలో నేను విన్న అతి పెద్ద ప్రసంగం అప్పుడు చేశాడు.

"నానేటి గంగిరెద్దునా? నువ్వు సన్నాయూదుతావు, నాను బుర్రూపుతాను, ఆయమ్మ పాత పంచొకటి కప్పుతాది. అంతేనా? సెప్పాల్సింది ఒకపాలి సెప్పీసినాను. రెండోపాలి అడగడమేటి? నమ్మకం నేకపోతే రావడమెందుకు?"

అదీ సంగతి. మా దగ్గర తల నిలువుగా ఊపడమంటే ఎవడో ఆడిస్తే ఆడటం. బడిలో పంతులు ముందు పిల్లలు ఊపుతారు, ఆఫీసరు ముందు గుమాస్తా ఊపుతాడు, మంత్రి ముందు ఆఫీసరు ఊపుతాడు. పొలమున్న రైతు ఎందుకు ఊపుతాడు? మా బావ తాసిల్దారు ముందు కూడా ఊపలేదు, అందుకే పొలం పాసు పుస్తకం ఇప్పటికీ రాలేదని అప్ప అంటుంది.

నేను బతిమాలాను, బెదిరించాను, పిల్ల ఏడుస్తోందని చెప్పాను. ఆ ఆఖరి మాటకి తాడు పక్కన పెట్టి, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, ఒకసారి ప్రయత్నించాడు. కిందకి వంగింది, పైకి లేవలేదు. అవమానం జరిగిన మనిషి తలొంచుకున్నట్టుంది. రెండోసారి పైకి లేచింది, కిందకి రాలేదు. 'ఏటి?' అని గద్దించినట్టుంది. మూడోసారి నేను నవ్వాను. అంతే, తువ్వాలు భుజాన వేసుకుని పొలం వెళ్ళిపోయాడు.

మా అప్పకి శిక్షణ ఇవ్వడం ఇంకో యాతన. వచ్చినావిడ మీద పడి బుగ్గలు పుణకొద్దు, మొహం మీద 'తు తు' అనొద్దు, జీతమెంతని అడగొద్దు, దిష్టి తీసి మెటికలు విరవొద్దు అని వరసగా చెప్పుకుంటూ పోయాను.

"మరి రెండు సేతులూ కోసీసి ఉట్టి మీదెట్టీమంతావేట్రా?" అంది.

మెటికల సంగతి నిజంగా సున్నితమైంది. మొహం చుట్టూ చేతులు తిప్పి మన కణతల దగ్గర విరుచుకుంటే అది ప్రేమ. అవే వేళ్ళు ఎదుటి మనిషి మొహం ముందు విరిస్తే అది శాపం. పుట్టి పెరిగిన మా వాళ్ళే ఆ రెంటికీ తేడా పోల్చుకోలేక వీధి కుళాయి దగ్గర జుట్లు పట్టుకుంటారు. పోలండావిడకి ఏం తెలుస్తుంది?

ఆవిడ రానే వచ్చింది. కొడుకు, మేనకోడలు, ఆవిడ కారు దిగారు. అబ్బాయి మా బావ కంటే మూరెడు పొడుగు. దిగి లోపలికి వస్తూనే గుమ్మం కమ్మీ నుదుటికి కొట్టుకుని, నొప్పి పైకి తెలియనివ్వకుండా నవ్వాడు. ఆవిడ కూడా మన మర్యాదల గురించి బాగా చదువుకొచ్చింది. నాకు నమస్కారం, అప్పకి నమస్కారం, గోడెక్కి చూస్తున్న పక్కింటివాళ్ళకి పేరుపేరునా నమస్కారం, శాలలో గేదెకి కూడా ఒక నమస్కారం. మా అప్ప నేను నేర్పిందంతా అక్కడికక్కడే గాలికొదిలేసి, "ఓలమ్మా, ఎంత దూరం నుంచొచ్చినావు తల్లీ" అంటూ ఆవిడ మొహం చుట్టూ చేతులు తిప్పి కణతల దగ్గర టపటపా విరిచింది. ఆవిడ అదొక పలకరింపు అనుకుంది. మర్యాదకి తిరిగి ఇవ్వాలి కదా. తన రెండు చేతుల వేళ్ళూ కలిపి సరిగ్గా మా అప్ప ముక్కు ముందు ఫటఫటా విరిచింది.

గోడ మీద ఒక్కసారి గాలి ఆగిపోయింది. సంబంధం కలుపుకోవడానికి వచ్చి వియ్యపురాలికి శాపం పెట్టిన మనిషిని వాళ్ళు అదే మొదటిసారి చూడటం. మా అప్ప ఒక్క క్షణం బిగుసుకుపోయి, తరవాత పగలబడి నవ్వింది. "ఏటి తెల్సు పాపం, ఎర్రిబాగులది" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ఆవిడ కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే.

భోజనాల దగ్గర ఇంకో ముచ్చట. అన్నం చాలని ఆవిడ ఒకసారి చెప్పింది. మా ఇళ్ళల్లో ఒకసారి వద్దంటే దానికి విలువేముంది? మొహమాటపడుతున్నారనుకుని ఇంకో గరిటె వేస్తాం. రెండోసారి వద్దంటే బలవంతం చేస్తే తింటారనుకుంటాం. ఇక చాలనుకుంటే ఆకు మీదకి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టి పోట్లాడాలి. ఆవిడకి ఆ యుద్ధం తెలియదు. మర్యాదగా తల అడ్డంగా ఊపుతోంది, మా అప్ప మర్యాదగా వడ్డిస్తోంది. పాపం చెమటలు కక్కుతూ అంతా తింది. ఆవిడ మన ఔనుని నమ్మదు, మా అప్ప ఆవిడ కాదుని నమ్మదు. చూస్తూ కూర్చున్న నాకు రెండు దేశాల మీదా విరక్తి పుట్టింది. మేనకోడలు అన్నం కలిపింది గానీ ముద్ద ఎత్తలేదు.

చేతులు కడుక్కున్నాక అందరం వాకిట్లో కుర్చీల్లో కూర్చున్నాం. గోడ మీద జనం ఇంకా పెరిగారు. ఆవిడ తన కుర్చీ జరుపుకుని మా బావకి ఎదురుగా వేసుకుంది. మోకాళ్ళూ మోకాళ్ళూ తగిలేంత దగ్గర. మొగవాడికి అంత దగ్గరగా కూర్చోవడం చూసి గోడ మీద ఎవరో దగ్గారు. ఆవిడ మాట్లాడింది. ఈసారి నేను ఒక్క ముక్క కూడా వదలకుండా తెలుగులో చెప్పాను.

"ఆ రోజు మీరు తల అలా వంచారు. అది ఔననే అర్థమని అందరూ నాకు చెప్పారు. కావచ్చు. కానీ మీ మొహం నాకు ఔనన్నట్టు కనిపించలేదు. నేను ఇంకొన్నాళ్ళలో వెళ్ళిపోతాను. వీడు ఇక్కడే ఉంటాడు. జ్వరమొచ్చినా, కష్టమొచ్చినా, పండగొచ్చినా వీడు ఎక్కాల్సింది ఈ గుమ్మమే. నాకు వీడు తప్ప ఎవరూ లేరు. మీకు ఇష్టం లేకపోతే లేదని చెప్పండి, నాకు కోపం రాదు, తీసుకుపోతాను. వీణ్ణి మీ దగ్గర వదిలి వెళ్ళొచ్చా?"

చివరి ముక్క కూడా చెప్పేసి, నా కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాను.

బావ ఆవిడని చూశాడు. నుదుటి మీద బొప్పి కట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష రాసిన పిల్లాడిలా కూర్చున్న ఆ పొడుగాటి కుర్రాణ్ణి చూశాడు. తలుపు దగ్గర నిలబడ్డ కూతురిని చూశాడు. ఆయన తల కుడిభుజం వైపు కొంచెం కదిలింది. అయిపోయింది, మళ్ళీ మొదటికే వచ్చింది అనుకున్నాను. మధ్యలో ఆగింది. నిటారుగా వచ్చింది. తరవాత నిలువుగా ఊపాడు. కిందకి, పైకి, కిందకి, పైకి. అరుగు మీద వంకరటింకరగా చేసినట్టు కాదు, పూర్తిగా, గడ్డం గుండెకి తగిలేట్టు.

"డూ డూ బసవన్నా!" అన్నాడు గోడ మీద ఒక వెధవ.

గోడంతా ఒకటే నవ్వు. నేను బావ వైపు చూడలేకపోయాను. ఇప్పుడు లేచి తువ్వాలు దులుపుకుని పొలం వెళ్ళిపోతాడు, ఇక ఈ జన్మకి ఈ పెళ్ళి లేదు అనుకున్నాను. ఆయన లేవలేదు. ఆపలేదు కూడా. ఆ నవ్వుల మధ్యలోనే ఊపుతూ ఉన్నాడు. ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, చాలు చాలన్నట్టు ఏదో అంటోంది. ఆయనకి వినపడలేదో, పట్టించుకోలేదో, ఊపుతూనే ఉన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారి మీసంలోకి దిగుతున్నాయి.

మేనకోడలు గబగబా వచ్చి రెండు చేతులతో ఆయన చెంపలు పట్టుకుని తల ఆపింది.

"సాలు నాన్నా. ఇంక సాలు."

మా అప్ప గోడ వైపు తిరిగి, "ఏటి నవ్వుతన్నార్రా? మీ కళ్ళు పేలిపోను! మీకు ఆడపిల్లల్నేరా?" అని అరిచింది. ఒక్కొక్కళ్ళే దిగిపోయారు. ఆవిడ లేచి నిలబడింది, ఏం చెయ్యాలో తెలియక ఏడుస్తూ మా బావకి నమస్కారం పెట్టింది. అబ్బాయి ఏం చెయ్యాలో అంతకంటే తెలియక గేదె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. నాకు మాత్రం కోపం, ఆనందం రెండూ ఒకేసారి తన్నుకొచ్చాయి. అన్ని రోజులు నేను మొత్తుకున్నది ఈ ఒక్క ఊపుకే కదా!

పొద్దు వాలుతుండగా వాళ్ళు విశాఖపట్నం బయలుదేరారు. మేనకోడలు కూడా వాళ్ళతోనే వెళ్ళింది. కారుని తారు రోడ్డు దాకా సాగనంపడానికి బావ, నేను వెళ్ళాం. కారు మలుపు తిరిగాక ఇద్దరం పొలం గట్టు మీదుగా వెనక్కి నడుస్తున్నాం. నేను ఉత్సాహంగా ఉన్నాను. ఇలా ఊపమని ముందే చెప్పానా లేదా, ఫోన్లోనే ఇలా ఊపి ఉంటే ఆవిడకి ఇంత తిరుగుడు తప్పేది కదా అని ఒకటే వాగుతున్నాను.

"ఒరే మేష్టరూ" అన్నాడు బావ.

తనంతట తాను నోరు తెరిచాడు. నేను మూసుకున్నాను.

"ఆయమ్మ సరిగ్గానే సూసినాది."

"ఏటి సూసినాది?"

"ఫోన్లో. ఆ రోజు నాను ఔనన్నేదు."

నేను నడక ఆపాను. "బుర్ర వాల్చినావు కదా బావా! అందరం సూసినాం కదా!"

"వాల్చినాను. నా ఇష్టంతో పనేటి, మీకు నచ్చినట్టు సేసుకోండని వాల్చినాను. మీ అప్ప ఏడుపు, కూతురు గుంట ఏడుపు, ఇసిగెత్తిపోనాది. ఎవుడో ఊరూ పేరూ తెల్నేనోడికి పిల్లనెలగిస్తానని లోపల ఒకటే మంట. ఆయమ్మకి కనబడిపోనాది."

"మరి మేమంతా సంబరపడిపోతంటే ఒక్క మాట సెప్పొద్దా?"

"మీరు అడిగినారేటి? బెల్లం పంచీసినారు."

గట్టు ఇరుకు, ఆయన ముందు నడుస్తున్నాడు, మొహం కనిపించడం లేదు.

"మరి ఇయ్యాల ఊపింది?" అన్నాను.

"నా మనసులో ఏటున్నాదో తెలుసుకుందామని రెండోపాలి అడిగిన మనిషి, నా బతుక్కి ఆయమ్మొక్కర్తేరా" అన్నాడు. "ఇయ్యాల ఔనన్నాను."